వెన్నులో సూది ఎవరికి?

జగిత్యాల నుంచి ఒక అమ్మమ్మగారు నాలుగు పుటల ఉత్తరం వ్రాశారు. మొదటి పుట నిండా కుశల ప్రశ్నలు. రెండవ పుట నిండా వానలు వెనకబట్టిన సంగతి, మొలకెత్తిన పత్తి మాడిపోయిన సంగతి. అసలు విషయం మూడవ పుటలో గాని మొదలు కాలేదు. అయినా చదువుతున్నంతసేపూ నాకు విసుగు పుట్టలేదు. జరిగినదంతా ఆమె ఒక్క గంట కూడా తప్పిపోకుండా, వరుసగా వ్రాశారు. ఆస్పత్రులలో మేము వ్రాసే కేసు కాగితాలు అంత చక్కగా ఉంటే ఎంత బాగుండును!

సంగతి ఇది. ఆమె మనుమరాలికి నలభై అయిదు రోజులు. ఒక సాయంకాలం పిల్లకు ఒళ్ళు కాలిపోతూంటే కరీంనగర్ తీసుకొనిపోయి ఒక ఆస్పత్రిలో చేర్చారు. అదే రాత్రి పక్క మంచం మీదికి పదహారు రోజుల మగపిల్లవాడు వచ్చాడు. వాడికీ జ్వరమే. ఇద్దరికీ థర్మామీటరు నూటొకటి దాటి చూపించింది. ఇద్దరూ పాలు తాగుతూనే ఉన్నారు, ఏడవవలసినప్పుడు ఏడుస్తూనే ఉన్నారు. ఇద్దరికీ రక్తం తీశారు, మూత్రం పట్టారు. ఇద్దరి పరీక్షలూ బాగానే ఉన్నాయన్నారు. అయితే మనుమరాలిని రెండు రోజులు కనిపెట్టి చూసి ఇంటికి పంపారు. పిల్లవాడికి మాత్రం వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీశారు. ఆ నీళ్ళలో ఏ దోషమూ లేదని తేలింది. తేలిన తరువాతనే రభస మొదలయింది.

"ఆ పిల్లకు లేని సూది మా పిల్లగానికెందుకు? రక్తం మంచిగున్నదని మీరే అంటిరి. నీళ్ళు గూడ మంచిగున్నయంటున్నరు. మరి గింత పసికూనను ఉత్తగనే గుచ్చితిరా?" అని పిల్లవాడి మేనమామ వార్డు మధ్య నిలబడి కేకలు వేశాడట. డాక్టరు గారు ఏదో చెప్పబోయి, చెప్పలేక, లోపలికి వెళ్ళిపోయారట.

అమ్మమ్మగారి ప్రశ్న సూటిగా ఉన్నది: "వాడికి గుచ్చింది తప్పన్నా కావాలి, మా పిల్లకు గుచ్చకుండా వదిలిపెట్టింది తప్పన్నా కావాలి. రెండూ ఒప్పెట్లా అవుతాయి?"

అవుతాయి. ఎట్లా అవుతాయో చెప్పడానికి ఈ వారం పేజీ అంతా పట్టేటట్లున్నది. ఇతర ఉత్తరాలు వ్రాసినవారు క్షమించాలి.

ముందు ఆ సూది సంగతి. మన ప్రాంతంలో దీనికున్న చెడ్డపేరు మరే సూదికీ లేదు. వెన్నులో నీళ్ళు తీస్తే కాళ్ళు పడిపోతాయనే మాట గోదావరికి ఇవతల కరీంనగర్‌లో విన్నాను, అవతల ఆదిలాబాద్‌లోనూ విన్నాను. ఎట్లా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. జబ్బు ముదిరి, ఫిట్స్ వచ్చి, తెలివి తప్పిన పిల్లలకే తరచు ఆ సూది వేస్తారు. వారిలో కొందరు దక్కరు. దక్కిన వారిలో కొందరికి కాలో, చెయ్యో, చెవో పోతుంది. ఆ పని చేసింది మెదడు పొరలకు పట్టిన చీము. నింద మాత్రం సూది మీద పడింది.

మెదడూ, దాని తోకవంటి వెన్నుపామూ ఒక తేట నీటిలో తేలుతూంటాయి. పెద్దవారిలో ఆ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా కొత్తగా ఊరుతూ, పాతది ఇంకిపోతూ ఉంటుంది. పసిపిల్లల దగ్గర మేము తీసేది రెండు మూడు మిల్లీలీటర్లు, చెంచా కూడా నిండదు. మానేరు ఇసుకలో చెలమ తీసి చెంబెడు నీళ్ళు ముంచుకొంటే చెలమ ఎండిపోతుందా? ఇదీ అంతే. కొద్ది గంటలలో ఊరిపోతుంది.

ఇక కాళ్ళ సంగతి. వెన్నుపాము నడుము దాకా రాదు. పెద్దవారిలో నడుము మొదటి రెండు పూసల దగ్గర ఆగిపోతుంది. పసివారిలో కొంచెం కిందికి ఉంటుంది. మేము గుచ్చేది అంతకంటే దిగువను, రెండు తుంటి ఎముకల పై అంచులను కలుపుతూ గీత గీస్తే అది వీపుకు తగిలేచోట. అక్కడ పాము ఉండదు. నరాల పోగులు మాత్రం నీటిలో వేలాడుతూ ఉంటాయి. సూది వస్తే పక్కకు జరుగుతాయి. జర్మనీలో కీల్ నగరపు వైద్యుడు క్వింకె ఈ పద్ధతిని 1891లో లోకానికి చెప్పాడు. నూటముప్పై ఏళ్ళు దాటినా గుచ్చే చోటు మారలేదు.

అయితే ఏ ఇబ్బందీ లేదని నేను చెప్పను. పిల్లను మూటవలె వంచి గట్టిగా పట్టుకోవాలి. తల్లి చూడలేదు. ఒక్కొక్కసారి సూదికి చిన్న రక్తనాళం తగిలి నీళ్ళలో రక్తం కలుస్తుంది. ఆ నీళ్ళు దేనికీ కొరగావు, మళ్ళీ గుచ్చవలసి వస్తుంది. పెద్దపిల్లలకు రెండు రోజులు తలనొప్పి ఉండవచ్చును. తలలో ఒత్తిడి బాగా పెరిగి ఉన్నప్పుడు గుచ్చడం ప్రమాదం. కాబట్టి అక్కరలేని పిల్లకు ఆ సూది తప్పించాలనే కోరిక తల్లిదండ్రులకు ఎంత ఉన్నదో వైద్యులకూ అంతే ఉన్నది. చిక్కల్లా అక్కర ఎవరికి ఉన్నదో తెలియడంలోనే.

రెండేళ్ళు దాటిన పిల్లకు మెదడు పొరలకు చీము పడితే మెడ బిగుసుకొంటుంది, తల పగిలిపోతున్నదని ఏడుస్తుంది, వెలుతురు చూడలేదు. నెల నిండని పిల్ల ఇవేమీ చెప్పదు. మెడ మెత్తగానే ఉంటుంది. జ్వరం ఒక్కటే ఉంటుంది, ఒక్కొక్కసారి అదీ ఉండదు, ఒళ్ళు చల్లబడుతుంది. పాలు రెండు గుక్కలు తక్కువ తాగుతుంది. "ఏందో పిల్ల పానం బాగలేదు" అని తల్లికి అనిపిస్తుంది, అంతే. అందుచేత ఒకప్పుడు పెద్ద ఆస్పత్రులలో రెండు మూడు నెలల లోపు పిల్ల జ్వరంతో వచ్చిందంటే చాలు, మారుమాట లేకుండా వెన్నులో సూది వేసేవారు. వందమందికి వేస్తే ఒకరిద్దరిలో కూడా చీము దొరికేది కాదు. ఆ దొరికే ఒక్కరికోసం తక్కినవారందరూ గుచ్చించుకొనేవారు.

రక్తం చూసి ఆ ఒక్కరెవరో ముందుగా పోల్చుకోలేమా అనే వెతుకులాట అక్కడినుంచి వచ్చింది. మొదట తెల్లకణాలను లెక్కపెట్టారు. క్రిమి లోపలికి దిగితే వాటి సంఖ్య పెరుగుతుందని తెలిసినదే. కాని ఏడ్చినా పెరుగుతాయి, జలుబుకూ పెరుగుతాయి, జబ్బు మరీ ముదిరితే తగ్గిపోతాయి కూడాను. ఆ తరువాత సి.ఆర్.పి. అనేది వచ్చింది. ఈ పేరు మీరందరూ లాబరేటరీ చీటీలలో చూసే ఉంటారు. 1930లో అమెరికాలో రాక్‌ఫెల్లర్ సంస్థవారు న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడ మంట లేచినా కాలేయం దీనిని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. దీనికొక లోపం, నిదానం. జ్వరం వచ్చిన ఆరు గంటల నుంచి పన్నెండు గంటల దాకా లెక్కకు అందదు. నిండా పెరగడానికి రెండు రోజులు పడుతుంది. సాయంకాలం జ్వరం వస్తే ఏడు గంటలకే రక్తమిచ్చి, "సి.ఆర్.పి. బాగున్నది" అని తృప్తిపడి ఇంటికి పోయేవారిని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. ఊళ్ళోకి దొంగ వచ్చినది ఇప్పుడు, తలారి డప్పు వేసేది రేపు.

దానికంటె చురుకైనది ప్రొకాల్సిటోనిన్. క్రిములు పట్టిన రోగుల రక్తంలో ఇది పెరుగుతుందని 1993లో ఫ్రాన్సు వైద్యులు చూపించారు. నాలుగు గంటలలో లేస్తుంది. వైరస్ జ్వరాలకు అంతగా లేవదు. అందుకే దీనికి అంత గిరాకీ. అయితే పుట్టిన మొదటి రెండు మూడు రోజులలో ఏ జబ్బూ లేని పిల్లలోనూ ఇది సహజంగానే ఎక్కువగా ఉంటుంది. ఆ సంగతి మరచి చీటీ చూసి బెదిరినవారున్నారు.

2019లో అమెరికాలోని పిల్లల ఎమర్జెన్సీ వైద్యులు ఒక లెక్క ప్రకటించారు. రెండు నెలల లోపు పిల్లకు మూత్రంలో దోషం లేక, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు 4,090కి మించక, ప్రొకాల్సిటోనిన్ 1.71కి మించకపోతే గట్టి క్రిమి జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ అని. 2021లో ఆ దేశపు బాలవైద్యుల అకాడమీ వయస్సును బట్టి దారి వేసింది. చూడడానికి బాగున్నట్లు కనిపించే పిల్లకు 100.4 డిగ్రీలు గాని, అంతకు మించి గాని జ్వరం ఉంటే, ఎనిమిదవ రోజు నుంచి ఇరవై ఒకటవ రోజు దాకా రక్తం ఏమి చెప్పినా వెన్ను నీరు చూడవలసిందే. ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది రోజుల మధ్య రక్తం, మూత్రం బాగుంటే తల్లిదండ్రులతో కూర్చొని, మంచీచెడూ చెప్పుకొని, చూడవచ్చును, మానవచ్చును. ఇరవై తొమ్మిది నుంచి అరవై రోజుల దాకా రక్తం బాగుంటే వెన్ను జోలికి పోనక్కరలేదు. ఎనిమిది రోజుల లోపు పిల్లల గురించి ఆ దారిలో మాటే లేదు. వారు ఇంకా సున్నితం కనుక వారి సంగతి వేరుగా చూస్తారు.

అమ్మమ్మగారూ, ఇప్పుడు మీ రెండు మంచాలూ చూడండి. మనుమరాలికి నలభై అయిదు, పిల్లవాడికి పదహారు. ఇద్దరి రక్తమూ ఒక్కమాటే చెప్పింది. కాని ఆ మాటను మీ పిల్ల విషయంలో నమ్మవచ్చును, వాడి విషయంలో నమ్మరాదు. వారి మధ్య తేడా రక్తంలో లేదు, ఇరవై తొమ్మిది రోజులలో ఉన్నది.

ఎందుకు నమ్మరాదంటారా? మూడు వారాల పసికందు ఒళ్ళు ఇంకా యుద్ధం నేర్చుకోలేదు. క్రిమి వచ్చినా కణాలు లేవవు, కాలేయం తొందరపడదు. రక్తంలో క్రిమి ఉంటే దానిని పాత్రలో పెంచి చూసే కల్చర్ పరీక్ష ఉన్నది గదా, అది కూడా మోసం చేస్తుంది. మెదడు పొరలలో క్రిమి ఉన్నదని రూఢిగా తెలిసిన నవజాత శిశువులను లెక్కతీస్తే నూటికి 38 మందికి రక్తం కల్చర్‌లో ఏమీ మొలవలేదని 2006లో అమెరికాలో ప్రకటించారు. అంటే రక్తాన్ని మాత్రమే నమ్ముకొని ఉంటే ఆ 38 మంది చేజారిపోయి ఉండేవారు.

ఈ లెక్క ప్రకటించడానికి చాలా ముందే నాకు ఒక పాఠం అయింది. ఏ ఆస్పత్రో ఎందుకు, తప్పు నాది. పద్దెనిమిది రోజుల ఆడపిల్ల. గోదావరి ఒడ్డు పల్లె నుంచి మధ్యాహ్నపు బస్సులో వచ్చారు. జ్వరం తక్కువ, పిల్ల చురుకుగా ఉన్నది. రక్తం తీయిస్తే కణాలు చక్కగా ఉన్నాయి. వెన్నులో సూది అనగానే తల్లి పిల్లను గుండెకు హత్తుకొని ఏడ్చింది. నాకూ జాలి వేసింది. జాలి వేసింది అనే మాట ఇప్పుడు వ్రాసుకొంటున్నాను. నిజానికి రాత్రి అయింది, నేను అలసిపోయి ఉన్నాను, కాగితం మీద అంకెలు బాగున్నాయి. సూది వాయిదా వేశాను. మూడవనాడు పిల్లకు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు తీసిన నీళ్ళు బియ్యం కడిగిన కుడితివలె ఉన్నాయి. మూడు వారాలు మందులు ఎక్కించాము. పిల్ల బతికింది. ఏడాది నిండిన తరువాత చూపించడానికి తీసుకొనివస్తే, వెనుక నుంచి చప్పట్లు కొట్టాను. తిరిగి చూడలేదు. గిన్నె మీద గరిటెతో కొట్టాను. తిరిగి చూడలేదు. తల్లి మాత్రం నన్నొక్క మాట అనలేదు. మొదటిరోజే గుచ్చితే చెవులు దక్కేవని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కాని మూడు రోజుల చీముకు, మొదటినాటి చీముకు తేడా లేదని కూడా ఎవరూ చెప్పలేరు.

ఆ మేనమామ అట్లా కేకలు వేసేటప్పుడు నేనక్కడ ఉంటే, నీళ్ళు తేటగా వచ్చినందుకు నువ్వు మిఠాయి పంచాలోయ్ అని ఉండేవాణ్ణి. ఆయన కోపం కూడా అర్థం లేనిది కాదు సుమా. గుచ్చబోయే ముందే "బాబూ, ఇందులో ఏమీ దొరకకూడదనే మేమూ కోరుకొంటున్నాము, ఈ వయస్సులో రక్తం మాట చెల్లదు కనుక గుచ్చుతున్నాము" అని ఎవరైనా చెప్పి ఉంటే కేకలు లేకపోను. సంతకం పెట్టించుకొనే కాగితానికి ఇచ్చిన తీరిక ఈ నాలుగు మాటలకు ఇవ్వకపోవడం మా వృత్తిలో చాలామందికి ఉన్న జబ్బే. దానికి ఏ లాబరేటరీలోనూ పరీక్ష లేదు.

ఇక, వెన్ను నీరు చూస్తే అన్నీ తేలిపోతాయని అనుకొనేవారూ ఉన్నారు. వారికి 2003 ఎండాకాలం చివర కరీంనగర్, వరంగల్ జిల్లాలలో జరిగినది చెప్పాలి. ఆ సంవత్సరం జూన్ నుంచి ఆగస్టు దాకా పల్లెపల్లె నుంచి పిల్లలను ఆటోలలో, జీపులలో మోసుకొనివచ్చారు. పొద్దున ఆడుకొన్న పిల్లకు మధ్యాహ్నం జ్వరం, వాంతి, సాయంకాలానికి ఫిట్స్, రాత్రికి తెలివి లేదు. ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద 329 మంది పిల్లలకు వస్తే 183 మంది పోయారు. చాలామంది ఆస్పత్రిలో చేరిన రెండు రోజులు దాటలేదు. మేము ఆత్రంగా వెన్ను నీళ్ళు తీసి చూస్తే అవి తేటగా, దాదాపు మామూలుగా ఉండేవి. చీము లేదు, కణాల పెరుగుదల లేదు. లోపల మెదడు కాలిపోతూంటే బయటి నీరు ఏమీ ఎరగనట్లు కూర్చున్నది. ఇది మెదడు వాపే కాదు, మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బ అని కూడా కొందరు వైద్యులు వాదించారు.

నమూనాలు పుణె వైరస్ సంస్థకు వెళ్ళాయి. జపనీస్ మెదడు వాపు కాదు, వెస్ట్ నైల్ కాదు, డెంగీ కాదు, తట్టు కాదు అని ఒక్కొక్కటే కొట్టివేసి, చివరకు చాందీపుర వైరస్ అని తేల్చారు. ఆదిలాబాద్ దాటి రోడ్డున పోతే వచ్చే నాగపూరు దగ్గరి ఒక ఊరి పేరు అది. 1965లో అక్కడ మొదటిసారి దొరికింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాలలో పెరిగే ఇసుక ఈగలు దానిని మోస్తాయి. కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగలలో ఆ వైరస్ కనిపించినదని 2005లో ప్రకటించారు. రక్తంలో దానికి వ్యతిరేకంగా పుట్టే పదార్థాలు చూసి కూడా జబ్బును పోల్చవచ్చును. కాని జబ్బు నాలుగు రోజులు దాటిన తరువాత తీసిన రక్తంలోనే అవి తరచుగా కనిపించాయి. రెండు రోజులలో పోయే పిల్లకు నాలుగవ రోజు సాక్ష్యం దేనికి? ఆ వేసవి గుర్తుకొస్తే ఈ ప్రశ్న ఇప్పటికీ నా నోట్లో చేదుగా తగులుతుంది. 2024లో గుజరాత్ వైపు మళ్ళీ అదే వచ్చింది. జూన్ మొదలు ఆగస్టు నడుమ దాకా దేశంలో 245 మెదడు వాపు కేసులు, 82 మరణాలు. వాటిలో 64 కేసులు చాందీపుర అని రూఢి అయినవి. దీనికి ఇంకా ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు.

గోదావరి దాటి ఆదిలాబాద్ ఏజెన్సీకి పోతే లెక్క మళ్ళీ మారుతుంది. వానాకాలంలో ఉట్నూరు వైపు నుంచి ఫిట్స్‌తో, తెలివి తప్పి వచ్చిన పిల్లకు మొట్టమొదట చేయవలసినది వేలిమీద ఒక పోటు, అద్దం పలక మీద ఒక చుక్క రక్తం. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉన్నదని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టినది మన సికిందరాబాద్‌లోనే గదా. ఆ చుక్కతోపాటే చక్కెర ఎంత ఉన్నదో కూడా చూడాలి. మెదడుకెక్కిన మలేరియాలో చక్కెర పడిపోయి పిల్ల తెలివి తప్పి ఉండవచ్చును. కొంచెం గ్లూకోజు ఎక్కించగానే కళ్ళు తెరచినవారిని చూశాను. అటువంటి చోట వెన్ను సూది కంటె వేలి సూదికే విలువ ఎక్కువ.

అయితే అక్కడ కూడా ఒక మెలిక ఉన్నది. ఒక గోండు తండ్రి నాలుగేళ్ళ కొడుకును భుజాన వేసుకొని వచ్చాడు. రక్తంలో మలేరియా దొరికింది, మందు మొదలుపెట్టాము. మెడ మాత్రం బిగిసి ఉన్నది. పిల్లవాడు కొంచెం కుదుటపడిన తరువాత వెన్ను నీరు కూడా చూడాలన్నాను. పురుగు దొరికింది గదా, మళ్ళీ సూదెందుకు అని ఆయన అడిగాడు. నాకు గోండీ రాదు, ఆయనకు నా తెలుగు సగమే పట్టింది. మలేరియా ఎక్కువగా ఉన్న పల్లెలలో చాలామంది పిల్లల రక్తంలో ఆ క్రిమి ఊరికే తిరుగుతూ ఉంటుందనీ, జబ్బు చేసినది అదే కానక్కరలేదనీ నేను కిందా మీదా పడుతూంటే, దుబాసీగా నిలబడ్డ ఆస్పత్రి నౌకరు నవ్వి ఒక్కమాటలో తేల్చాడు. "చేన్ల పంది అడుగు కనవడ్డదని పందే మేసిందనుకుంటే ఎట్ల? పక్కోని ఎడ్లు గూడ పడుండొచ్చు గదా!" తండ్రి తల ఊపాడు. నీళ్ళు తేటగానే వచ్చాయి. మేసినది పందే. కాని చూడకుండా ఎట్లా తెలుస్తుంది?

ఇంకొక రెండు మాటలు గబగబా చెప్పి ముగిస్తాను. డెంగీ రోజులలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే వెన్నులో గుచ్చినచోట లోపల రక్తం కారి గడ్డకట్టే భయం ఉంటుంది. అందుకని ముందు వాటిని లెక్కపెట్టించాలి. ఇక్కడ రక్తపరీక్ష సూదిని ఆపుతుంది. క్షయ వల్ల వచ్చే మెదడు పొరల జబ్బు వారాల తరబడి నెమ్మదిగా వస్తుంది. పిల్ల చదువు మీద ధ్యాస పెట్టదు, సన్నబడుతుంది, తలనొప్పి అంటుంది. దానికి రక్తంలో నమ్మదగిన ఆనవాలు లేదు. అక్కడ వెన్ను నీరే దిక్కు, ఆలస్యం చేసినకొద్దీ నష్టం.

అమెరికా అంకెలను మన వార్డులలో గుడ్డిగా వాడరాదని కూడా చెప్పాలి. అక్కడి పసివారిని పట్టే క్రిములు వేరు. మన ఆస్పత్రుల పసిపిల్లల వార్డులలో క్లెబ్సియెల్లా వంటి మొండి ఘటాలు ఎక్కువ. పైగా మన పిల్లలు ఆస్పత్రికి వచ్చేసరికి ఊళ్ళో ఆరెంపీ ఇచ్చిన ఇంజెక్షన్లు రెండు పడి ఉంటాయి. అవి జబ్బును కుదర్చవు, గుర్తులను మాత్రం చెరిపేస్తాయి. కల్చర్‌లో ఏమీ మొలవదు, నీళ్ళలో సగం చీము, సగం తేట. అమ్మమ్మగారూ, మీ వీధిలో ఎవరి పసిపిల్లకైనా జ్వరం వస్తే ఇది చెప్పండి: రెండు నెలల లోపు పిల్లకు ఒళ్ళు కాలితే ఊళ్ళో సూది వేయించకుండా నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి పోవాలి. ఏ మందైనా వేసి ఉంటే దాచకుండా, వీలైతే ఆ సీసానే పట్టుకొనిపోయి చూపాలి. జ్వరం ఎన్ని గంటలకు వచ్చిందో మీరు నాకు వ్రాసినట్లే చెప్పాలి. ఆ గంటల లెక్క లేకపోతే సి.ఆర్.పి. చీటీకి అర్థమే లేదు.

ఉత్తరం చివర, సంతకం కూడా అయిన తరువాత, అంచున నిలువుగా ఒక ప్రశ్న ఇరికించారు. పదహారు రోజుల పిల్లవాడి తల్లి అడగమన్నదట: సూది గుచ్చినచోట పసుపు అద్దవచ్చునా, పురిటి స్నానాలు ఆపాలా అని. పసుపు వద్దు, ఏమీ అద్దవద్దు. ఆ పట్టీ ఒకరోజు ఉంచి తీసేయండి. మరునాటి నుంచి స్నానం చేయించవచ్చును. పాలు మాత్రం ఒక్కపూట కూడా ఆపవద్దు. వాడు ఎట్లా ఉన్నాడో వచ్చే ఉత్తరంలో వ్రాయండి, మీ పత్తి సంగతి కూడాను.